నా కండ్లద్దాల కత: ఆన్‌లైనా, అంగడా?

నాకు పదో తరగతిలో వచ్చినాయి అద్దాలు, ఇప్పుడు 43 ఏండ్లు, ముక్కు మీద ఆ రెండు గుంటలు ఇంక పర్మనెంటు. మైనస్ పవరు. ఇన్నేండ్లూ లెక్క సింపుల్‌గా ఉన్నింది, పెట్టుకుంటే అన్నీ కనపడ్తాయి, తీస్తే ఎదురుగా వచ్చేది మా మామో ఇంకెవరో కూడా తెలీదు. పోయినేడు నుంచి లెక్క తిరగబడింది. మాది కర్నూలు మార్కెట్ యార్డు దగ్గర పురుగుమందుల అంగడి. బిల్లు రాసేటప్పుడు డబ్బా మీద బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ చూసి రాయాల, ఆ అక్షరాలు చీమ తలకాయంత ఉంటాయి, అద్దాలతో చూస్తే అలికేసినట్టు ఉంటాయి, అద్దాలు నెత్తి మీదికి ఎగదోస్తే టక్కున కనపడ్తాయి. కోడుమూరు నుంచి వచ్చే ఒక పెద్దాయన అది చూసి "ఏమప్పా, అందరూ కనపడాలని పెట్టుకుంటారు, నువ్వు కనపడాలని తీస్తావే" అని ఒకటే నవ్వు.

చత్వారం అంటే ఇదే అని తర్వాత తెలిసింది. మైనస్ ఉన్నోళ్ళకి చత్వారం రాదని మా ఊర్లో ఒక మాట ఉంది, అది తప్పు, వస్తాది, కాకపోతే మనం అద్దాలు తీసేసి దగ్గరివి చదువుకుంటాం కాబట్టి వచ్చినట్టు తెలీదు అంతే.

సరే, ఆ నెత్తి మీదికి ఎగదోసే అలవాటే కొంప ముంచింది. ఒకరోజు కింది ర్యాకులోంచి కార్టన్ తీద్దామని వంగినా, నెత్తి మీద అద్దాలు ఉండేది మర్చిపోయి, అవి కింద పడినాయి, వెతుక్కుంటా నేనే తొక్కినా. కాడ విరిగింది, కుడి అద్దం మీద గీత పడింది. మాపటికి ఇంటికి పోయేటప్పుడు ఆ కాడకి తెల్ల ప్లాస్టర్ చుట్టుకొని బండి తోలినా.

మరుసటి రోజు ఒక పెద్ద షోరూముకి పోయినా, పేరు వద్దులే. ఏసీ, సోఫా, నీళ్ళ బాటిల్. ఫ్రీ ఐ టెస్ట్ అని ఒక మిషను ముందర కూచోబెట్టినారు, గడ్డం ఆనించి లోపలికి చూస్తే ఒక రోడ్డు, రోడ్డు చివర రంగురంగుల గాలి బుడగ, అది మసకగా అయి మళ్ళీ తేటగా అయితాది, అంతే, ఒక చీటీ కర్రుమని బయటికి వస్తాది. ఆ చీటీలో కుడి కన్ను 4.00, ఎడమ 4.50 మైనస్ అని వచ్చింది. ఆ పిల్లోడు ఇంకో రెండు అద్దాలు మార్చి చూపించి "సార్ మీకు ప్రోగ్రెసివ్ కావాల, పైన దూరానికి, కింద చదివేదానికి, రెండు పవర్లూ ఒకే అద్దంలో" అని, ఫ్రేము 2,200, లెన్సు 6,500, మొత్తం 8,700 అన్నాడు. బ్లూ కట్, అంటే ఫోను, కంప్యూటరు నీలం వెలుతురు తగ్గించేది, కలిపితే ఇంకో 600. నాకు గొంతులో నీళ్ళు ఎండిపోయినాయి, ఆలోచించి వస్తా అని గమ్మున లేచి వచ్చినా.

బెంగుళూరులో ఉండే మా బామ్మర్దికి ఫోన్ చేస్తే "ఏం బావా నువ్వు, ఇంకా అంగళ్ళు తిరుగుతుంటావు, ఆన్‌లైన్‌లో రెండు వేలకి ప్రోగ్రెసివ్ వస్తాది, ఫోన్లోనే అయిపోతాది" అన్నాడు. వాడు చెప్పింది సగం నిజమే, మిగతా సగం నేను కష్టపడి తెలుసుకున్నా.

మిషను చీటీ మీద నాకు నమ్మకం కలగలేదు. మన ప్రభుత్వ కంటి ఆసుపత్రికి పోయినా, రాయలసీమ జిల్లాల నుంచి జనం ఆడికే వస్తారు కాబట్టి పొద్దున్నే పోవాల, నేను పోయేసరికే లైను ఉన్నింది. ఓపీ చీటీ తీసుకుని కూచుంటే గంటన్నరకి పిలిచినారు. ఆ అమ్మాయి నా ముక్కు మీద బరువైన గుండ్రటి ఇనుప ఫ్రేము పెట్టి, పెట్టెలోంచి ఒక్కో అద్దం తీసి వేస్తా "ఇది బాగుందా, ఇదా" అని అడుగుతా పోయింది, ఇరవై నిమిషాలు పట్టింది. కుడి 3.50, ఎడమ 4.00 వచ్చింది. మిషను కంటే రెండు కండ్లకీ అర పాయింటు తక్కువ. ఎందుకని అడిగితే, మిషన్లోకి చూసేటప్పుడు కన్ను తెలీకుండానే బిగుసుకుంటాది, మైనస్ ఎక్కువ చూపిస్తాది, మిషను చెప్పేది మొదలుపెట్టేదానికే గాని రాసేదానికి కాదు అనింది. తర్వాత కంట్లో చుక్కలు వేసి వెనక నరాలు, పొర అన్నీ చూసినారు, మైనస్ ఉన్నోళ్ళు అది అప్పుడప్పుడూ చూపించుకోవాలంట. ఆ చుక్కలు వేసినాక బండి తోలేది లేదు, ఎండ చూస్తే కండ్లలో సూదులు గుచ్చినట్టు ఉంటాది, కొండారెడ్డి బురుజు కాడ నీడలో రెండు గంటలు కూచొని మజ్జిగ తాగి ఆటోలో ఇంటికి పోయినా.

చీటీలో ఏమి రాసినారో ఆ రోజే మొదటిసారి సరిగ్గా చూసినా, ఇన్నేండ్లూ అంగడోని చేతిలో పెట్టేసి వచ్చేవాన్ని. కుడి కన్ను ఎస్‌పీహెచ్, అంటే అసలు పవరు, మైనస్ 3.50, సిలిండర్ మైనస్ 0.75, యాక్సిస్ 170. ఎడమ మైనస్ 4.00, సిలిండర్ మైనస్ 0.50, యాక్సిస్ 10. కింద యాడ్ ప్లస్ 1.25, ఇదే చత్వారం లెక్క. సిలిండర్ అంటే గుడ్డు కాస్త సొట్టగా ఉంటే దానికి, యాక్సిస్ అంటే ఆ సొట్ట ఏ పక్కకి ఉందో చెప్పే కోణం, 180 దాటి ఉండదు. ఆన్‌లైన్లో కొట్టేటప్పుడు ప్లస్సు మైనస్సు తారుమారు అయినా, 10 కి బదులు 100 కొట్టినా అంతే సంగతులు, అద్దం వచ్చేస్తాది, కన్ను మాత్రం ఒప్పుకోదు. నేను మూడుసార్లు సరి చూసుకొని కొట్టినా. ఆ తప్పు నేను చేయలేదు. వేరేది చేసినా.

ఆ చీటీలో లేనిది ఒకటి ఉంటాది, పీడీ. రెండు కంటి పాపల మధ్య దూరం, మిల్లీమీటర్లలో. పెద్దోళ్ళకి మామూలుగా 54 నుంచి 74 మధ్య ఉంటాదంట. మన దగ్గర చీటీలో అది రాసేది తక్కువ, ఎందుకంటే అంగడోడు కొలుచుకుంటాడు కదా అని. ఆన్‌లైన్లో అడుగుతాది. మా ఇంటామెని స్కేలు పట్టుకొని కొలవమన్నా, మా పాప జామెట్రీ బాక్సులో స్కేలు. నా ముక్కు మీద ఆనించి, నవ్వు ఆపుకుంటా, "కదలొద్దండీ, కండ్లు తిప్పొద్దండీ" అని రెండుసార్లు చూసి 56 అనింది. 56 కొట్టేసినా. ఫ్రేము సన్నగా, పొడుగ్గా ఉండే నల్లది ఎంచుకున్నా, ఫోటోలో ఆ మోడల్ పిల్లోనికి బాగున్నింది మరి. మొత్తం 2,350.

ఆరో రోజు డబ్బా వచ్చింది. గుడ్డ, చిన్న స్క్రూ డ్రైవరు, గట్టి కేసు, అన్నీ ముద్దుగా పెట్టి పంపినారు. పెట్టుకున్నా. దూరం తేటగానే ఉంది. మెట్లు దిగబోతే నేల పైకి లేచి వచ్చినట్టు అయింది, చేయి గోడకి ఆనించినా. సరే, ప్రోగ్రెసివ్‌కి అలవాటు పడేదానికి వారం పది రోజులు పడ్తాదని అందరూ చెప్తారు కదా అని ఓర్చుకున్నా. నాలుగో రోజుకి మధ్యాహ్నం అయ్యేసరికి కనుబొమల మధ్య ఎవరో వేలు పెట్టి నొక్కుతున్నట్టు నొప్పి. బ్యాచ్ నంబరు చదవాలంటే గడ్డం పైకెత్తి, ఇంకా పైకెత్తి, ఆకాశం చూసేటోని మాదిరి నిలబడాల్సి వచ్చేది, అయినా కనపడేది కాదు, మళ్ళీ నెత్తి మీదికి ఎగదోసేది. ఒకసారి బిల్లులో 3 ని 8 అని రాసినా, ఆ రైతు ఇంటికి పోయి చూసుకొని ఫోన్ చేసినాడు, మంచోడు కాబట్టి సరిపోయింది.

అప్పుడు పాత బస్టాండు దగ్గర ఒక చిన్న అద్దాలంగడికి పోయినా. మా నాయన కాలం నుంచి ఉండే అంగడి, పెద్దాయన, అందరూ భాయ్ అంటారు, నేనూ అంతే. మొగం మీద పెట్టి ఉన్నవాటిని అట్లనే కాసేపు చూసినాడు, ఏమీ అడగలేదు. "తీయ్" అన్నాడు. తీసినాక అద్దం మీద హా అని నోటి ఆవిరి ఊది ట్యూబ్‌లైటుకి ఏటవాలుగా పట్టినాడు. "ఈడ చూడప్పా, కనపడిందా" అంటే నాకేమి కనపడ్తాది, అద్దాలు ఆయన చేతిలో ఉంటే. దగ్గరికి తీసుకుని చూస్తే నిజంగానే ఆవిరిలో చిన్న గుండ్రం గుర్తులు, అద్దానికి ఆ చివర ఒకటి ఈ చివర ఒకటి, ఒకదాని కింద నా యాడ్ నంబరు. ప్రతి ప్రోగ్రెసివ్ అద్దంలోనూ అవి చెక్కి ఉంటాయంట, రెండింటి మధ్య 34 మిల్లీమీటర్లు, వాటిని పట్టుకునే అద్దం మధ్య యాడ ఉందో లెక్కేస్తారు. ఆయన ఆ గుర్తుల మీద మార్కరుతో చుక్కలు పెట్టి, మధ్యలో ఒక ప్లస్సు గీసి, మళ్ళీ నా మొగానికి పెట్టి "నా ముక్కు చూడు" అన్నాడు, తర్వాత ఆ లెన్సోమీటర్లో ఒక కన్ను మూసి పవరు చూసినాడు.

"పవరు కరెక్టే ఉంది. వాడు తప్పు చేయలే. నీ కండ్లు ఒక తావ ఉన్నాయి, అద్దాల మధ్య ఇంకో తావ ఉంది. నీకు పీడీ ఎవరు చూసినారు?"

మా ఇంటామె అన్నా. స్కేలు ఉందా అన్నాడు. ఆయన దగ్గర ఉండే స్కేలు తీసి చూపించినాడు, స్కేలు అంచు ఒకటి, సున్నా గీత ఇంకొకటి, మధ్యలో అయిదు మిల్లీమీటర్ల ఖాళీ జాగా. మా ఆమె అంచు నుంచి కొలిచింది! నాకు నిజంగా ఉండేది 61. ఆయన ఎట్ల కొలిచినాడంటే, ఎదురుగా నా ఎత్తుకి సమానంగా కూచొని, తన కుడి కన్ను మూసుకొని "నా ఎడమ కన్ను చూడు" అని సున్నా నా కుడి పాప మీద నిలబెట్టి, స్కేలు కదపకుండా, ఇప్పుడు ఎడమ మూసుకొని "నా కుడి కన్ను చూడు" అని చదివినాడు. తర్వాత ముక్కు మధ్య నుంచి విడివిడిగా, కుడి 30, ఎడమ 31. ప్రోగ్రెసివ్‌కి విడిగానే కావాలంట.

అయిదు మిల్లీమీటర్లకే ఇంత రాద్ధాంతమా అన్నా. పవరు తక్కువ ఉంటే ఏమీ కాదు, ఒకటి లోపల ఉండేటోళ్ళకి తెలీను కూడా తెలీదు, నీకు నాలుగు ఉంది, కన్ను అద్దం మధ్యలోంచి కాకుండా పక్కనుంచి చూస్తే అద్దం పట్టకం మాదిరి పనిచేసి బొమ్మని పక్కకి లాగుతాది, రెండు కండ్లూ దాన్ని కలుపుకునేదానికి రోజంతా గుంజులాడుకుంటాయి, అదే నీ నొప్పి అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే దానికి లెక్కే ఉంది, తప్పిన దూరం సెంటీమీటర్లలో ఇంటూ పవరు, ఆ అయిదు మిల్లీమీటర్లు రెండు కండ్లకీ సగం సగం అనుకుంటే నాకు ఎడమ కంటికి పావు సెంటీమీటరు ఇంటూ నాలుగు, అంటే ఒక పాయింటు ప్రిజమ్. కుడి కంటిది కూడా కలిపితే రెండుకి దగ్గర దగ్గర. పైగా ప్రోగ్రెసివ్‌లో పైనుంచి కిందికి దిగే తేట దారి శానా సన్నం, పక్కల అంతా మసక, మనం ఆ దారిలో కాకుండా గట్టు మీద నడుస్తున్నట్టు.

ఇంకోటి కూడా చెప్పినాడు, ఇది పూర్తిగా నా తప్పు. ఆ ఫ్రేము ఎత్తు 27 మిల్లీమీటర్లు. కంటి పాప నుంచి అద్దం కింది అంచు దాకా తగినంత జాగా ఉంటేనే కింద చదివే భాగం పడ్తాది, సన్నటి ఫ్రేములో ఆ భాగం సగం కోసి చెత్తలో పడేసినట్టే. నేను ఆకాశం చూసింది అందుకు. ఆన్‌లైన్లో నా కంటి పాప ఆ ఫ్రేములో ఎంత ఎత్తులో వస్తాదో కొలిచేటోడు ఎవరుంటారు, ఏదో సగటు వేసి కోసేసి ఉంటారు.

ఆ ఆన్‌లైనోళ్ళకి ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడినారు, పీడీ మీరు ఇచ్చిందే కాబట్టి డబ్బులు వాపసు ఇవ్వం, క్రెడిట్ ఇస్తాం, వేరే ఏమైనా తీసుకోండి అన్నారు. 2,350 ఆడనే ఉండిపోయింది.

ప్రోగ్రెసివ్ భాయ్ దగ్గరే చేయించుకున్నా. ఫ్రేము 700, లెన్సు 2,600. ఫ్రేము ఆయనే ఎంచినాడు, నేను వెడల్పుది చూపిస్తే వద్దన్నాడు. కాడ లోపలి వైపు నంబర్లు చూసినారా ఎప్పుడైనా, 48-20-140 అని ఉంటాది, ఒక అద్దం వెడల్పు, ముక్కు మీద వంతెన, కాడ పొడుగు. "మైనస్ అద్దానికి అంచు లావు. సన్నం లెన్సు అని రెండు వేలు ఎక్కువ ఎందుకు పెడతావు, చిన్న ఫ్రేము తీసుకో, లావు అంచు అంతా కోతలో పోతాది" అన్నాడు. షోరూములో ఈ మాట ఒక్కరూ చెప్పలేదు, 1.67 ఇండెక్స్ సన్నం లెన్సు తీసుకోండి సార్ అనే చెప్పినారు. ఫ్రేము నా మొగానికి పెట్టి ముందు దాన్నే సరి చేసి, ముక్కు ప్యాడ్లు వంచి, అప్పుడు డమ్మీ అద్దం మీద నా కంటి పాపల కాడ చుక్కలు పెట్టినాడు. ఆ చుక్కలకే మనం దుడ్లు ఇచ్చేది, ఫ్రేముకి కాదు అని నాకు ఆడ అర్థమయింది. అట్లని అన్ని అంగళ్ళలో పెడతారని కాదు, మా తమ్మునికి ఇంకో అంగట్లో చుక్కా లేదు స్కేలూ లేదు, ఫ్రేము తీసుకొని మూడు రోజులకి రమ్మన్నారు, దానికి ఆన్‌లైనే నయం.

అయిదో రోజు వచ్చినాయి. మొదటి రెండు రోజులు పక్క చూపుతో మెట్లు దిగితే కొంచెం తేడా ఉన్నింది, తల తిప్పి చూసేది అలవాటు చేసుకున్నా. నొప్పి మాత్రం రాలేదు.

ఆ క్రెడిట్ ఏం చేసినానంటే, భాయ్ రాసిచ్చిన పీడీతో నాకే ఒక మామూలు దూరం అద్దాలు, బండి తోలేదానికి, 1,150 కి పెట్టినా. మిగిలిన 1,200 కి మా పాపకి రెండు ఫ్రేములు. పాపకి 2019లో అనంతపురంలో మొదలుపెట్టిన ప్రభుత్వ కంటి వెలుగు పథకం అప్పుడు స్కూల్లోనే టెస్టు చేసి మొదటి అద్దాలు ఫ్రీగా ఇచ్చినారు, ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, మైనస్ 1.25, సిలిండర్ లేదు. ఇట్లాంటి పవరుకి ఆన్‌లైన్ బ్రహ్మాండం. అదే రంగు ఫ్రేము, అదే లెన్సు షోరూములో ఒకటి 1,800 చెప్పినారు. పాపని కూడా భాయ్ దగ్గరికి తీసుకుపోయి పీడీ చూపించినా, 59.

బ్లూ కట్ ఎవరికీ వేయించలేదు. ఆన్‌లైన్లో అది ముందే టిక్కు పెట్టి ఉంటాది, చూసుకొని తీసేయండి. 2023లో కాక్రేన్ అని వైద్య పరిశోధనలు కలిపి చూసే సంస్థ వాళ్ళు 17 ట్రయల్స్ కలిపి చూసి, కంప్యూటరు ముందు కండ్ల అలసటకి మామూలు అద్దంతో పోలిస్తే దాంతో తేడా వచ్చేలా లేదని చెప్పినారు. రిఫ్లెక్షన్ తగ్గించే కోటింగ్ మాత్రం వేయించుకోండి, రాత్రి లారీ లైట్లు ఎదురొస్తే తెలుస్తాది దాని విలువ. జీఎస్టీ కూడా పవరు అద్దాల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం పోయి 5 అయింది, బిల్లు అడగండి. మా నాయన సంగతి ఇంకా సులువు, శుక్లాల ఆపరేషన్ అయినాక దూరం అంతా బాగానే కనపడ్తాది, పేపరుకి రాజ్‌విహార్ కాడ ఫుట్‌పాత్ మీద 150 రూపాయల ప్లస్ 2.50 తెచ్చుకొని రాజా మాదిరి చదువుతాడు. నా గోల చూసి నవ్వుతాడు.

ఆన్‌లైన్ అద్దాలు రాంగానే మొదట భాయ్ దగ్గరికే తీసుకుపోయినా, కొంచెం సిగ్గు పడుతానే. డబ్బా చూసి మూతి తిప్పినాడు. లెన్సోమీటర్లో మూడూ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూసి, చుక్కలు పెట్టి, స్కేలుతో కొలిచి, "బాగానే చేసినాడే వీడు" అన్నాడు, ఒప్పుకునేదానికి ఆయనకి కష్టంగా ఉన్నట్టు కనపడింది. నాది కాడ చెవి వెనక వదులుగా ఉంటే హీటరు కాడ వేడి చేసి వంచి పెట్టినాడు. వంద రూపాయలు ఇవ్వబోతే చేయి అడ్డం పెట్టినాడు.

"వద్దులే, ఉంచుకో. మీ ఇంటామెకి కూడా నలభై దాటినాయి కదా, ఒకసారి పిలుచుకొని రా. స్కేల్లో సున్నా కనపడలేదంటే ఊరికేనా."